చప్రాసి మొగులయ్య ఇస్తీఫా

“ఎందుకు ఇడిసిపెడుతున్నవ్ తమ్మీ?” అని అడిగి, సిరాలో ముంచిన కలాన్ని కాగితం మీద పెట్టకుండా ఆపాడు అనంతయ్య.

మొగులయ్య ఈ ప్రశ్న అనుకోలేదు. షంషాబాద్ కచేరి గోడ నీడన చాప పరుచుకుని అర్జీలు రాసే అనంతయ్య ఎవరినీ ఎందుకని అడగడు. చెప్పింది ఉర్దూలో పెడతాడు, చదివి వినిపిస్తాడు, పంపిస్తాడు. భూమి తగాదా అయినా తప్పిపోయిన బర్రె అయినా ఆయనకు ఒకటే. అట్లాంటి మనిషి, నౌకరి వద్దని ఇచ్చే ఇస్తీఫా నాలుగు ముక్కలు రాయమంటే ఇవాళ ఆరా మొదలుపెట్టాడు.

“సోడా మిషన్ పెడుత అన్నా” అన్నాడు మొగులయ్య.

జర్మనీ లడాయి ముగిసిన మరుసటి ఎండాకాలం అది. మొగులయ్య బామ్మర్ది కుర్మయ్య పట్నంలో ఎవరో వాడి వదిలేసిన సోడా మిషన్ ఒకటి కొని, గగన్‌పహాడ్‌లో తన ఇంట్లో దించాడు. రైలు స్టేషన్ బయట పందిరి వేసి, దిగిన వాళ్లకు గోలి సోడాలు కొట్టి ఇవ్వాలని ఇద్దరి ఆలోచన. ఇంట్లో చెబితే మొగులయ్య భార్య రుక్మిణమ్మ తగాదా పెట్టుకోలేదు. ఎండాకాలం సరే, వానాకాలం ఏం తింటామని మాత్రం అడిగింది. ఆ మాట మొగులయ్యను ఇంకా పట్టుకునే ఉంది.

భయం అదొక్కటే కాదు. కచేరిలో చప్రాసి నౌకరి ఒక్కరోజు ఖాళీగా ఉండదు. ఇస్తీఫా ఇచ్చినవాడికి మళ్లీ కావాలంటే దొరకదు. రేపు, ఇస్తీఫా మంజూరు చేయాల్సిన పేష్కార్ సాబ్ నెల రోజులు ఊళ్లు తిరగడానికి దౌరాకు పోతున్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఎండాకాలం కాస్తా అయిపోతుంది. ఇస్తే ఇవాళే ఇవ్వాలి.

“అంటే నీళ్లల్ల గాలి నింపి అమ్ముతవన్నమాట” అని నవ్వాడు అనంతయ్య. నవ్వి, కలాన్ని సిరా దౌతి మీద అడ్డంగా పెట్టి, అడగడం మొదలుపెట్టాడు.

జీతం నెలనెలా సక్రమంగా వస్తుందా అని అడిగాడు. తప్పకుండా వస్తుందన్నాడు మొగులయ్య. బట్టలు? ఏడాదికి రెండు జతలు కచేరే ఇస్తుంది. పని? తలుపు దగ్గర నిలబడడం, కాగితాలు లోపలికీ బయటికీ తిప్పడం, ఎండలో పేష్కార్ సాబ్‌కు గొడుగు పట్టడం. ముసలితనంలో పించను ఉంటుందా? ఉంటుంది. పిల్లను ఇచ్చే ముందు సంబంధం గురించి వాకబు చేసినట్లు ఒకటి విడవకుండా అడుగుతుంటే, జవాబులు చెప్తున్న కొద్దీ మొగులయ్యకు తన నౌకరి తనకే ముద్దొచ్చింది.

“వానలు పడితే?” అన్నాడు అనంతయ్య.

“లోపట వరండాల నిలబడుత. నాకేం తడి తగలది.”

“పేష్కార్ సాబ్ తిడతడా?”

“తిట్టడు. ‘అరే’ అని పిలుస్తడు, గంతే.”

“అరే అంటే ఏమైతది. పిలిచెటోడు ఒకడున్నట్టే కద.”

మొగులయ్యకు చిరాకు పుట్టింది. అసలే భయంతో ఉంటే, ఈయన ఇంకా కదిలిస్తున్నాడు. “అన్నా, నన్ను ఆపుదామని చూస్తున్నవా?”

“నేనెందుకు ఆపుత?”

“మరి ఇన్ని సవాళ్లు అడుగుడు ఎందుకు? అసలు గీ ఆశ నాకు నిన్ను చూసే పుట్టింది. పన్నెండేండ్ల సంది ఆ తలుపు కాడ నిలబడి నిన్నే చూస్తున్న. మనసైనప్పుడు వస్తవు, మనసైనప్పుడు చాప సుట్టుకొని పోతవు. ఎందుకు ఆలస్యమైందని అడిగెటోడు ఒక్కడు లేడు.”

అనంతయ్య రోడ్డు వైపు చూశాడు. ఎండకు రోడ్డు మీద ఒక్క బండి కూడా లేదు.

“నిజమే, ఒక్కడు గూడ అడగడు” అన్నాడు.

మొగులయ్య చాప అంచున గొంతుక్కూర్చున్నాడు. ఊళ్లో అందరూ తలా ఒక మాట అన్నారు. ఈయన నాలుగు అక్షరాలు తెలిసినవాడు, స్వంతంగా బతికినవాడు. “నువ్వే చెప్పు అన్నా. నువ్వు ఏదంటే అదే. ఇడిసిపెట్టాల్నా, వద్దా?”

“ఇడిసిపెట్టు” అన్నాడు అనంతయ్య. “ఇయ్యాల్నే ఇడిసిపెట్టు. రేపటికి మనసు మారుతది.”

అంత గట్టిగా, అంత తొందరగా వచ్చిన మాట వినగానే మొగులయ్యకు ధైర్యం వచ్చింది. ఇస్తీఫా రాయించుకుని వేలిముద్ర వేశాడు. లేవబోతుంటే ఆగమని, అనంతయ్య ఇంకో కాగితం తీసి తలెత్తకుండా రాశాడు. రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాడు. ఆరబెట్టి మడిచి మొగులయ్య చేతిలో పెట్టాడు.

“గిది గూడ పేష్కార్ సాబ్‌కే. నీది మంజూరైనంకనే ఇయ్యి.”

ఎవరిదని మొగులయ్య అడగలేదు. నలుగురి అర్జీలు లోపలికి మోయడం అతని రోజువారీ పనే. చేసే చివరి పని కాబట్టి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

లోపల పేష్కార్ సాబ్ ఇస్తీఫా చదివి, ఆలోచించుకున్నావా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాడు మొగులయ్య. కాగితం మీద సాబ్ దస్తకత్ పడింది. నడుముకున్న పట్టీ, ఇత్తడి బిళ్ల విప్పి బల్ల మీద పెట్టాడు. ఒళ్లు తేలికై, ఎక్కడ నిలబడాలో తెలియనట్లైంది.

అప్పుడు గుర్తొచ్చి రెండో కాగితం అందించాడు. పేష్కార్ సాబ్ చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. కుర్చీలోంచి లేచి, కిటికీలోంచి బయటి గోడ వైపు చూశాడు.

“ఏమున్నది సాబ్ దాంట్ల?” అన్నాడు మొగులయ్య.

“నీ నౌకరి తనకియ్యమని రాసుకున్నడు అనంతయ్య.”