శ్రద్ధ పట్టీ

ఇంటర్‌లో ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, ఆ తర్వాత ఏ కాలేజీలో చేరాలి అని పిల్లలు బుర్రలు బద్దలు కొట్టుకునే రోజులు పోయాయి. చేతికి కట్టిన శ్రద్ధ పట్టీ ఏడాదంతా ఏకాగ్రత కొలిచి, అన్నీ తానే తేల్చేస్తోంది.

నూకరత్నానికి ఫిజిక్స్ అంటే ప్రాణం. పట్టీ మాత్రం ప్రభుత్వ పరిపాలన ఇచ్చింది.

"జిల్లాకే ఫస్టు! ఇంత నిలకడ ఎవలికుందే అమ్మీ?" అని తండ్రి అప్పలసూరి మురిసిపోయాడు.

"మన గేదెకుంది నాన్నా. నేను కుదురుగా కూకోనని పట్టీ దాని చెవికి కట్టినావు కదేటి!"

"గట్టిగా అనకు. సీటు పోద్ది."

మార్చుకోవడానికి ఆ సాయంత్రమే గడువు. రత్నం ఒక్కతే సబ్జెక్టుల అధికారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పేసింది. ఆయన కిళ్లీ నములుతూ నింపాదిగా విన్నాడు.

"ఫిజిక్స్ ఇప్పించండి సార్."

"పట్టీ తప్పు చెప్పదమ్మా," అంటూ పరిపాలన మీదే ముద్ర వేసేశాడు.

"అది గేదె పట్టీ సార్!"

"అయితే ఏటైంది? మా నాన్న నా పట్టీ ఎద్దుకి కట్టాడు. పదేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. ఒక్కడైనా తేడా కనిపెట్టాడా?"