గది చప్పుడు

"ఆ నీలం కర్టెన్ తీసేద్దాం అక్కా. మరీ కొత్తగా ఉంది," అంది డైరెక్టరమ్మ.

షూటింగ్ కోసమని ఇంటావిడ ముందురోజే కొన్న కర్టెన్ అది. తీసేశారు. అక్కడ తాడు కట్టి, బకెట్లో నానుతున్న రెండు పాత చీరలు పిండి ఆరేశారు. పేదరికం కూడా కెమెరాకి ఇంపుగా ఉండాలట! చోద్యం కాకపోతే ఏమిటిది?

ఆవిడ కిక్కురుమనలేదు. అదే పెద్ద వింత. వీధిలో ఆవిడ పేరు 'మైకు'. ఏడాదిగా ఫ్యాక్టరీ గేటు ముందు ఆ మైకు మోగుతూనే ఉంది. మేనేజరు బతిమాలాడు. లాయరు బెదిరించాడు. పెద్దమనుషులు వచ్చి నచ్చజెప్పారు. ఆవిడ నోరు మూయించడం ఒక్కడి వల్లా కాలేదు.

ఆవిడ భర్త ఆ ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మెషీన్ కింద నలిగి చచ్చిపోయాడు. 'తాగి డ్యూటీకి వచ్చాడు' అని ఒక కాగితం రాసేసి కంపెనీ చేతులు దులుపుకుంది. ఆ మాట ఫ్యాక్టరీ గోడ దాటి బడి దాకా పాకింది. పదో తరగతి చదివే కూతుర్ని "తాగుబోతు కూతురా" అని పిలుస్తున్నారు. పిల్ల రోజూ ఏడ్చుకుంటూ ఇంటికొస్తోంది.

అందుకే, డాక్యుమెంటరీ తీస్తామని వీళ్లు గుమ్మం ఎక్కగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"నిజం మీ నోటితోనే చెప్పాలక్కా. లోకం వినాలి," అంది డైరెక్టరమ్మ. నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. చెవి విరిగిన కప్పులో టీ తాగింది. ఇంత చదువుకుని ఎంత కలుపుగోలుతనమో అని మురిసిపోయింది మైకు.

కెమెరా ముందు కుర్చీ వేశారు. మూడు గంటల సేపు కంపెనీని ఉతికి ఆరేసింది.

"చెయ్యి లోపలుంటే మెషీన్ దానంతటదే ఆగాలి. చూసి ఆపడానికి దానికో కన్నుంటుంది. ఆ కన్నుకి నల్ల టేపు అంటించారు! మాటిమాటికీ ఆగితే సరుకు తగ్గిపోతుందట! అంటించింది సూపర్‌వైజరు. అంటించమంది మేనేజరు. బాగా రికార్డు చేసుకోండి!"

డైరెక్టరమ్మ గొంతు తగ్గించింది. "అక్కా, ఆ రోజు ఆయన తాగి పనికి వెళ్లారా?"

అంతే, మైకు పేలిపోయింది.

"తాగడమా? దగ్గు మందు పోసిస్తే వాసన చూసి పారబోసిన మనిషండీ ఆయన! ఆ పొద్దున తాగింది నేనిచ్చిన టీ. అంతే, ఇంకో చుక్క లేదు. ఆ మాట రాసిన వాళ్ల చెయ్యి పడిపోను! రమ్మనండి, నా కళ్లలోకి చూసి చెప్పమనండి!"

పక్కింటివాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి విన్నారు. డైరెక్టరమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చాలక్కా. అద్భుతంగా చెప్పారు."

ఇక సామాన్లు సర్దుతారనగా, హెడ్‌ఫోన్లు తగిలించుకున్న సౌండతను చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం! ఫ్యాను ఆపండి. ఎవరూ మాట్లాడొద్దు, కదలొద్దు. గది చప్పుడు రికార్డు చెయ్యాలి."

"అందరం నోరు మూసుకుంటే ఇంకేం చప్పుడయ్యా?" అంది ఆవిడ, కుర్చీలోంచి లేవబోతూ.

"ఖాళీ గదికీ ఓ చప్పుడుంటుందమ్మా. సినిమా అతికించేటప్పుడు మాటల మధ్యలో వేస్తాం. ఎక్కడ తీసినా ఇది మామూలే. మీరలాగే కూర్చోండి."

ఆవిడకి సగమే అర్థమైంది. నిమిషం పాటు మౌనం అంటే పోయినవాళ్ల కోసమే కదా అనుకుంది. గొప్పవాళ్లు పోతే బళ్లలో, ఆఫీసుల్లో అందర్నీ నిలబెట్టి మౌనం పాటిస్తారు. ఆయన పోయిన రోజు మాత్రం ఫ్యాక్టరీలో ఏదీ ఆగలేదు. దిక్కుమాలిన మెషీన్‌ని కడిగి, ఆ మరుసటి షిఫ్టుకే నడిపారు. ఇన్నాళ్లకి, ముక్కూ మొహం తెలియని మనిషి ఆయన కోసం ఓ నిమిషం ఆగమన్నాడు.

ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. తల దించుకుంది. కన్నీళ్లు చెంపల మీదుగా మెడలోకి జారుతున్నా, తుడుచుకుంటే కదిలినట్టవుతుందని తుడుచుకోలేదు. కెమెరా మీద ఎర్ర లైటు ఇంకా వెలుగుతోంది.

ఐదు నెలల తర్వాత పెద్ద హాల్లో సినిమా వేశారు. తల్లీకూతుళ్ల కోసం కారు కూడా పంపించారు. కూతురు ఊరికే రాలేదు. తనని ఏడిపించే ఇద్దరమ్మాయిల్ని పట్టుబట్టి వెంట తీసుకొచ్చి, తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

"ఇవాళ మా అమ్మ చెప్తుంది. చెవులు రిక్కించుకుని వినండి!"

తెర మీద మొట్టమొదట కంపెనీ గుర్తు పడింది.

"వాళ్లని కడిగేసే సినిమాలో వాళ్ల బొమ్మ ఎందుకమ్మా?" అంది కూతురు.

"ముద్దాయి ఎవరో ముందు చూపించాలి కదే, పిచ్చిమొహమా!"

ఆ తర్వాత ఛైర్మన్ నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, కార్మికులంటే తనకి కన్నబిడ్డలతో సమానమని చెప్పాడు. వాగనీ, ఎంతసేపు వాగుతాడు, నా వంతు రాకపోతుందా అనుకుంది మైకు.

వచ్చింది.

"అక్కా, ఆ రోజు ఆయన తాగి పనికి వెళ్లారా?" అని డైరెక్టరమ్మ గొంతు మెత్తగా అడిగింది. తెర నిండా మైకు తల దించుకుని, నిమిషం పాటు నోరు మెదపకుండా ఏడ్చింది.