ఇంకొక్క సీసా

"తొందరేం లేదు, నెమ్మదిగా గియ్యండి," అంది డాక్టర్ జ్ఞానేశ్వరి.

కరిముల్లా కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టి పెన్సిలు కదిపాడు. నత్తగుల్లలా చుట్టలు తిరగాల్సిన గీత కాగితమంతా వంకర్లు పోయింది. ఆటోనగర్‌లో స్కేలు లేకుండా లారీల మీద పేర్లు రాసిన చెయ్యి అది. ఈ ఒక్క పూటైనా మాట వినమని లోలోపల ఎంత బతిమాలుకున్నా వినలేదు.

"పోయిన నెల కంటే అధ్వాన్నంగా ఉందండీ. మాత్రలు పూటపూటా వాడుతున్నారా?"

కరిముల్లా సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "చూడండమ్మా. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆవిడ నిట్టూర్చింది. "కొందరికి కొత్త మందు, కొందరికి ఉత్త పిండిమాత్రలు ఇస్తారని మొదట్లోనే చెప్పాను కదా. మీకేది వచ్చిందో నాకూ తెలీదు. ఏదైనా, గుణం కనిపించట్లేదు. మిమ్మల్ని ఈ మందు పరీక్షలోంచి తప్పించి మామూలు మందులు రాస్తాను."

"వద్దమ్మా!" లేవబోయి తూలాడు కరిముల్లా. "బానే ఉంది నాకు. బస్సులో నిలబడొచ్చాను, అందుకే ఈ వణుకు. ఇంకొక్క సీసా ఇప్పించండి."

"పనిచెయ్యని మందు ఎందుకండీ మీకు?"

అతను ఖాళీ సీసాను ఆవిడ ముందుకి జరిపాడు. డాక్టరుకి జాలేసింది.

"మీ అక్కగారు ఎలా ఉన్నారు?"

"ఉందమ్మా," అన్నాడు కిటికీకేసి చూస్తూ.

ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఈ మందు కోసం మొదటిరోజు ఇద్దరూ కలిసే వచ్చారు. బ్లౌజులు కుట్టి తమ్ముణ్ణి పెంచిన నజీమా, సూదిలో దారం ఎక్కించలేక అప్పటికే కుట్టు మానేసింది. డెబ్బై దాటినవాళ్ళని తీసుకోం అంటూ ఆమెను తిప్పి పంపేశారు. "నీకు దొరికిందిగా, చాల్లేరా," అంటూ ఆమె వణికే చేత్తోనే అతని తల నిమిరింది.

కరిముల్లా ఇంకోసారి బతిమాలాడు. డాక్టరు ఖాళీ సీసాను సొరుగులో పడేసి వేరే మందుల చీటీ చేతికిచ్చింది.

పటమటలో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. ఎస్టీడీ బూత్ గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఏడుపు ముంచుకొచ్చింది. ఇక మాత్రల్లేవన్న మాట ఇంట్లో ఎలా చెప్పాలో తోచలేదు. కళ్ళు తుడుచుకుని, కాళ్ళీడ్చుకుంటూ ఇంటి ముందుకొచ్చి తలెత్తాడు.

గుమ్మంలో కూర్చున్న నజీమా మొదటిసారికే సూదిలో దారం ఎక్కించింది.