బెక్తుర్ జోలికి రావద్దు

“మీ బెక్తుర్ మాస్కోలో కాగితాల్లేకుండా పని చేస్తున్నాడటగా అక్కా?”

ఓట్లడగడానికి వచ్చిన ఎర్నిస్ ఆ మాట అంటూనే మీగడ గిన్నె తన వైపు లాక్కున్నాడు. టీ పోస్తున్న జూరా తలెత్తి చూసింది.

“నీకెవరు చెప్పారు తమ్ముడూ?”

“మా అభ్యర్థికి తెలియనిదేముంది? మీ పాస్‌పోర్టు నంబరు, మీ మోకాళ్ళ నొప్పులు, అన్నీ తెలుసు. ఎల్లుండి ఓటు మాకు పడితే అబ్బాయి అక్కడ చల్లగా ఉంటాడు. లేదంటే మాస్కో పోలీసులకు ఒక్క ఫోన్ చాలు.”

“నేను ఎవరికి వేసిందీ నీకెలా తెలుస్తుంది?”

“ఇన్ని తెలిసినవాళ్ళకు అదొక లెక్కా?”

తలాస్ పట్టణంలో వారం రోజులుగా ఇదే తంతు. పక్కింటి గుల్సున్‌కు మూర్ఛ వస్తుందని, మాట వినకపోతే ఆమె వంట చేసే పిల్లల బడికి ఆ సంగతి చేరవేస్తానని బెదిరించింది కూడా ఈ పెద్దమనిషే. ఆ రహస్యం ఎరిగిన ఇరుగుపొరుగు జూరా ఒక్కతే. “నీ కడుపులో దాచుకుంటావనుకున్నా” అని గుల్సున్ జూరా ముఖం మీదే తలుపేసింది. చెయ్యని తప్పుకు ప్రాణంలాంటి స్నేహం పోయిందని జూరా కుమిలిపోయింది.

“ఇంకెవరికీ చెప్పలేదా?” అని మూసిన తలుపు బయటినుంచే అడిగింది.

“సైకాల్ అక్కకు చెప్పాను. ఓటు పెట్టె ఇంటికే తెమ్మంటే కారణం అడిగింది. ఎవరికీ చెప్పనని రొట్టె పట్టుకుని ఒట్టేసింది. ఆవిణ్ణి అనకు.”

సైకాల్ ఆ వీధి పోలింగ్ కేంద్రానికి పెద్ద. ఆ మర్నాడే ఓటర్ల వివరాలు సరిచూడాలంటూ జూరా ఇంటికీ వచ్చింది. “ఎక్కడో దూరాన బత్కెన్ నుంచి వచ్చినవాళ్ళు మీరు. మీ వాళ్ళెవరూ నాకు తెలియరు, చెప్పమ్మా” అని తీయగా అడిగింది. జూరా బెక్తుర్ గురించి చెప్పింది, ఆమె రాసుకుంది.

ఇప్పుడు జూరా పక్కనున్న తువ్వాలును కాస్త సర్దింది. దాని కింద ఆమె ఫోన్ ఉంది.

“నాకు చెవులు సరిగా వినపడవు. నా కొడుకును ఏం చేస్తావో మళ్ళీ చెప్పు.”

ఎర్నిస్ విసుక్కుంటూనే మొదటినుంచి చివరిదాకా మళ్ళీ అప్పజెప్పాడు.

“చేసుకో ఫోను. నా ఓటు నా ఇష్టం.”

“కన్నతల్లివేనా నువ్వు?”

జూరా అతని టీ గిన్నెను అంచుదాకా నింపింది. అక్కడ అంత నిండుగా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం. ఎర్నిస్ ముఖం మాడ్చుకుని, తాగకుండానే వెళ్ళిపోయాడు.

గంట తిరక్కుండా ఆమె పోలింగ్ జరగబోయే బడిలో ఉంది. తమ పేర్లు సరిచూసుకోవడానికి వచ్చిన ఆ వీధి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. గుల్సున్ ఓ మూల నిలబడి చూపు తిప్పుకుంది. జూరా ఫోన్ సైకాల్ బల్లమీద పెట్టి రికార్డు వినిపించింది. ఎర్నిస్ గొంతు గదంతా మోగింది.

“నేను నీ ఒక్కదానితోనే అన్న మాటలు వాడి నోట ఎలా వచ్చాయి సైకాల్ అక్కా?”

సైకాల్ ముఖం ఎర్రబడింది. “నన్నంటావేం? నీ కొడుకు సంగతి వీధిలో ఎవరికి తెలియదు? ఎవరో చెప్పుంటారు. కావాలంటే వీళ్ళనే అడుగు.”

“అడుగుదాం” అంది జూరా.

ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గుల్సున్ మూలనుంచి కదిలి వచ్చి జూరా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

జూరాకు అసలు కొడుకే లేడు.