పచ్చబొట్టు కాలు

మంత్రించిన పచ్చబొట్టు ఉన్న కాలికి దెబ్బ నొప్పి తెలియదని ఆ పత్తి మిల్లులో అందరూ నమ్మేవారు. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఆ ఆధారం పేరు చెంచయ్య.

చెంచయ్య రెండేళ్ల కిందట, 1964లో, బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చిన వాళ్లలో ఒకడు. రంగూన్ రేవులో బస్తాలు మోస్తూ అక్కడివాళ్ల పోట్లాట నేర్చుకున్నాడు. అందులో పిడికిలికి ఎంత పని ఉంటుందో పాదానికీ మోకాలికీ అంతే పని ఉంటుంది. తొడల నుంచి చీలమండల దాకా నల్లటి పచ్చబొట్టు కూడా అక్కడే పొడిపించుకున్నాడు. ఇప్పుడు చిలకలూరిపేట దగ్గర ఈ మిల్లులో పత్తి బేళ్లు దొర్లించే రోజుకూలీ. భార్య అంకమ్మ మిరపకాయల తొడిమలు తీయడానికి కల్లాలకు వెళ్లేది. మిల్లు గోడ వెనక తాటాకు పాకలో కాపురం. ఆ పాక ఒకసారి గాలికీ, రెండుసార్లు వానకూ కూలింది.

అదే మిల్లులో కూలీ హయాత్. పటాలంలో బాక్సింగు ఆడి వచ్చినవాడు. సాయంత్రం పని దిగాక గింజల గోదాము ముందు ఇద్దరూ ఒకరి విద్య ఒకరికి నేర్పుకున్నారు. చేతులకు తొడుగులు ఉండాలి, కాళ్లతో తన్నవచ్చు, కిందపడ్డవాణ్ణి ముట్టుకోరాదు. నియమాలు అంతే. చూసే కూలీలు దానికి తన్నుల బాక్సింగు అని పేరు పెట్టారు.

"నిన్ను తంతే స్తంభాన్ని తన్నినట్టుందన్నా," అన్నాడు హయాత్ ఒకరోజు పాదం రుద్దుకుంటూ. "నిజంగానే నొప్పి లేదా?"

"రంగూన్లో ఉండేదిరా. దెబ్బ తగిలితే రెండ్రోజులు మంచం దిగేవాణ్ణి కాదు. ఇక్కడికొచ్చాకే మంత్రం పట్టింది."

"పదేళ్లనాటి మంత్రం ఇప్పుడు పట్టడమేంటి?"

"ఓడలో వచ్చింది కదరా, ఆలస్యమైంది!"

కూలీలు పగలబడి నవ్వారు. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆ ఫిబ్రవరిలో మిల్లు కాపలాదారు ఉద్యోగం ఖాళీ అయింది. పర్మినెంటు ఉద్యోగం. దానితోపాటు గేటు పక్కన పెంకుల గది. చెంచయ్య అడిగాడు. హయాతూ అడిగాడు.

మేనేజరు శ్రీమన్నారాయణగారికి ఇద్దరి ఆటా తెలుసు. "దొంగలొస్తే నిలబడేవాడెవడో తేలాలి కదా. వార్షికోత్సవం నాడు జనం ముందు ఆడండి," అన్నారు. "గెలిచినవాడు మర్నాడు డాక్టరు దగ్గర ఆరోగ్య పత్రం తెచ్చుకుని డ్యూటీలో చేరొచ్చు."

అంకమ్మకు అప్పుడు ఏడో నెల. మొదటి బిడ్డ బర్మా నుంచి వచ్చినవాళ్ల శిబిరంలో, తడిసిన గుడారంలో, జ్వరంతో పోయింది.

"ఈ బిడ్డ పాకలో పుట్టడానికి వీల్లేదు. ఏమయ్యా, వింటున్నావా?"

"వింటున్నానే. నువ్వెళ్లి గోడలకి సున్నం సంగతి చూసుకో."

"ముందు గెలిచి చావు!"

వార్షికోత్సవం నాడు బేళ్ల మీద జనం, గోడల మీద జనం. మొదటి రౌండు హయాత్‌ది. అతని పిడికిళ్లు రెండుసార్లు చెంచయ్య ముక్కును వెతుక్కుంటూ వచ్చాయి. రెండో రౌండులో చెంచయ్య కాళ్లు పైచేయి సాధించాయి. మూడో రౌండులో అతను బలంగా తన్నిన తన్నుకు హయాత్ మోకాలు అడ్డం పెట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు బేళ్ల మీది వాళ్లకు కూడా వినిపించింది.

హయాత్ కుంటుతూ వెనక్కి తగ్గాడు. చెంచయ్య ఆగలేదు. మళ్లీ అదే కాలితో తన్నాడు. మళ్లీ తన్నాడు. తన్నిన ప్రతిసారీ పరిచిన గోనెపట్టా మీద పాదం అచ్చు ఎర్రగా పడుతోంది. అతని ముఖంలో మాత్రం నవ్వు చెదరలేదు.

"మంత్రమంటే అదీ!" అని ఎవరో అరిచారు. జనం ఈలలు వేశారు.

హయాత్ రెండు చేతులూ దించేశాడు. "అన్నా, ఆపు. నీ కాలు చూసుకో. నేను ఓడిపోయాను, ఆపు."

శ్రీమన్నారాయణగారు చెంచయ్య చెయ్యి పైకెత్తి, గది తాళంచెవి అక్కడే అతని చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే అంకమ్మ పిడుగురాళ్ల సున్నం కలిపి గది గోడలకు పూయడం మొదలుపెట్టింది. తొడిమలు తీసి తీసి మండుతున్న చేతులకు సున్నం తగిలి ప్రాణం జివ్వుమంటోంది. అయినా ఆపలేదు. ఊయల కట్టడానికి దూలం ఎంత ఎత్తున ఉందో బెత్తంతో కొలిచి చూసుకుంది.

అదే సమయానికి చెంచయ్య డాక్టరు క్రీస్తుదాసుగారి గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరుగారు గుండె చూశారు, కళ్లు చూశారు, కాలికి చుట్టిన గుడ్డ విప్పి చూశారు. కాలి వేలి ఎముక తెల్లగా బయటికి కనిపిస్తోంది.

"ఎలా వచ్చావు?"

"నడిచేనండి. మూడు మైళ్లే కదండీ."

డాక్టరుగారు చెంచయ్య కళ్లకు తువ్వాలు కట్టారు.

"సూదితో గుచ్చుతాను. గుచ్చినప్పుడల్లా ఆఁ అను."

"అలాగేనండి."

గోడ గడియారం చప్పుడు తప్ప గదిలో మరో శబ్దం లేదు. కొంతసేపటికి చెంచయ్య నవ్వాడు.

"మొదలుపెట్టండి డాక్టరుగారూ. నాకేం భయం లేదు."

అప్పటికే రెండు కాళ్ల మీద పన్నెండు చోట్ల గుచ్చిన సూదిని స్పిరిట్లో వేసి, క్రీస్తుదాసుగారు ఆరోగ్య పత్రంలో 'ఉద్యోగానికి తగడు' అన్న చోట గుర్తు పెట్టి, కారణం రాయవలసిన గడిలో ఒకే ఒక్క మాట రాశారు: కుష్ఠు.