కొండమీద ఒకే జెండా

ఎమెట్ పైక్ అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టగానే వెర్నా ముఖం చిట్లించింది.

మాజీ సైనికుల హాల్లో ప్రతి మంగళవారం ఆరుగురు ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని కూర్చుంటారు. ఇళ్లమీద ఎగిరి ఎగిరి చిరిగిపోయిన జెండాల్లోంచి దారంతో కుట్టిన నక్షత్రాలను కత్తిరిస్తారు. ఒక్కో నక్షత్రాన్ని ఒక్కో చిన్న సంచిలో వేసి సైనికులకు పంచుతారు. సంచిలో ఒక చీటీ కూడా ఉంటుంది.

"నిన్ను మరిచిపోలేదు."

ఆ చీటీలు రాసేది వెర్నాయే. కొడుకు కర్టిస్ ఇరాక్ నుంచి శవపేటికలో తిరిగొచ్చి పద్దెనిమిదేళ్లు. వాణ్ని ఊరు ఎక్కడ మరిచిపోతుందోనన్నదే ఆవిడ బెంగ.

"మళ్లీ ఇవేనా పెద్దాయనా?" అంది పెట్టె తెరిచి. అన్నీ పుల్లలకు అంటించిన బుల్లి జెండాలు. "ఇవి అచ్చేసిన నక్షత్రాలు. మా పనికి రావని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"చెత్తలో వేయడానికి చేతులు రావడం లేదమ్మా."

మాసిన కోటు, బురద బూట్లు. అడిగితే తప్ప నోరు విప్పని మనిషి.

"పుల్లలకి ఈ మట్టేంటి? ఎక్కడివి?"

"కొండమీదివి, సమాధుల దగ్గరవి. రంగు వెలిశాయని పీకి..."

మాట పూర్తి చెయ్యనిస్తేగా.

"పీకావా! సైనికుల సమాధుల మీద జెండాలు పీకావా?"

కత్తెరలన్నీ ఆగిపోయాయి.

"అమ్మా, నేను..."

"మునిసిపాలిటీ వాళ్లు శ్రద్ధగా గుచ్చితే నువ్వు పీక్కొస్తావా? ఇక్కడి కాఫీ, డోనట్ల కోసం ఈ వేషాలా? అక్కడ నా కొడుకున్నాడయ్యా!"

అతను తలెత్తాడు.

"ఏ వరసమ్మా?"

"ఎందుకు, వాడిదీ పీకడానికా? పై వరసలో చివరిది. నేనొచ్చి చూస్తాను. వాడి జెండా లేదో, నీ సంగతి తేలుస్తా!"

ఎమెట్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. కాఫీ ముట్టలేదు.

"పీడ విరగడైంది," అంది పక్కనున్న డార్లీన్. అందరూ నవ్వారు. వెర్నా ఇంకాస్త గట్టిగా నవ్వింది.

మే నెలలో చివరి సోమవారం, సైనికుల సమాధులకి జెండాలు గుచ్చే అమరవీరుల దినం. మోకాళ్ల నొప్పితో చలికాలం నుంచీ కొండెక్కని వెర్నా ఆవేళ పూలకుండీ పట్టుకుని ఎక్కింది.

రెండొందల సమాధులు బోసిగా ఉన్నాయి. కనిపించినంత మేర ఒక్కదాని మీదా జెండా లేదు.

ఆయాసపడుతూ పై వరసకు చేరింది.

కర్టిస్ సమాధి పక్కన ఓ కొత్త జెండా గాలికి రెపరెపలాడుతోంది. కాస్త వంకరగా గుచ్చి ఉంది.

వెర్నాకి ఏడుపొచ్చింది. ఎవరిని మరిచినా తన కొడుకుని మరవలేదు ఊరు.

గడ్డి కోస్తున్న కాపలాదారు హాస్కెల్‌ని కేకేసింది.

"మునిసిపాలిటీకి ఈ ఏడు ఏం రోగమొచ్చింది? ఒక్కటే పెట్టి ఊరుకుంది?"

"మునిసిపాలిటీయా? వాళ్లెప్పుడు పెట్టారమ్మా? మీ హాలువాళ్లు పెడుతున్నారనుకుంటున్నారు వాళ్లు."

"వాళ్లు పెడుతున్నారనేగా మేం ఊరుకున్నది!"

"బాగుంది వరస! ఇన్నేళ్లూ పెట్టింది ఎమెట్ పైక్. ఏటా పాతవి తీసేసి, ఈ రోజుకల్లా కొత్తవి గుచ్చేవాడు. పాతవి మీ దగ్గరికే తెచ్చేవాడుగా?"

వెర్నా పూలకుండీ కింద పెట్టింది.

"ఎక్కడుంటాడు? నేను వెళ్లి మాట్లాడాలి."

"గేటు పక్కన, ఆ కొత్తమట్టి కింద. పోయి పది రోజులైంది. ఆయనా సైన్యంలో చేశాడట, కాగితాలు చూసేదాకా నాకే తెలీదు."

ఆవిడ చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. ఎప్పుడూ ఉంచుకునే నక్షత్రం సంచి వేళ్లకి తగిలింది.

"మరి... ఈ జెండా?"

"పోయే ముందురోజు వచ్చాడమ్మా. అడుగడుక్కీ కూలబడుతూ ఎక్కాడు. ఒక్కటే గుచ్చే ఓపికుంది అన్నాడు. ఆ ఒక్కటీ గేటు దగ్గరే గుచ్చెయ్యరాదా, ఇంత పైకి ఎందుకయ్యా అన్నాను."

"ఏమన్నాడు?"

"'వాళ్లమ్మ వచ్చి చూస్తానంది, లేకపోతే బాధపడుతుంది' అన్నాడు."