వెనక మూత

“నాన్న బంగారు వాచీ కరిగించే ఆ కొత్త బండి కొన్నావు. కాదంటే తెచ్చి చూపించు,” అంది ఆడపడుచు, చెప్పులైనా విప్పకుండా. వాచీలు బాగుచేసే ఆయన్ని కూడా వెంటబెట్టుకుని మరీ వచ్చింది.

“బండి బోనస్సుతో కొన్నానని ఎన్నిసార్లు చెప్పాలక్కా?” అంటూ తమ్ముడు బీరువా తెరిచి వాచీ తీసిచ్చాడు.

గోడకి ఆనుకుని నిలబడ్డ ఇల్లాలు ఆ వాచీ వంకే చూస్తోంది. మొగుడు అబద్ధమాడే మనిషి కాదు. వచ్చిన చిక్కంతా తనతోనే. ఎండాకాలంలో బీరువా సర్దుతుంటే వాచీ వెనక నల్లటి మచ్చ కనిపించింది. వంటింటి బుద్ధి ఊరుకోక ఉప్పు కాగితంతో రుద్ది, విబూదితో మెరుగు పెట్టేసింది. మచ్చ పోయింది. దాంతోపాటు అక్కడ చెక్కిన ముద్రలూ, నంబరూ పోయాయి. మూత మాత్రం అద్దంలా తయారైంది. ఎవరికీ చెప్పలేదు. వాచీని వెనక్కి తిప్పి చూసేవాళ్లెవరులే అనుకుంది.

ఇదిగో, వచ్చారు.

“వాచీకి అసలు కేసయితే వెనక మూడు ఉండాలమ్మా,” అన్నాడాయన, భూతద్దం కంటికి బిగించుకుంటూ. “బంగారం ముద్ర, కంపెనీ ముద్ర, నంబరు. ఒక్కటి లేకపోయినా మార్చేసినట్టే లెక్క.”

“విన్నావురా?”

“చూడనియ్యక్కా. కడిగిన ముత్యంలా బయటపడతాను.”

కడగబోయే కదా ఇంతదాకా వచ్చింది, అనుకుంది ఇల్లాలు. “ముందు కాస్త టీ తాగండి, పెట్టుకొస్తాను,” అని కదలబోయింది.

“టీలూ గీలూ తర్వాత. నీ కళ్లముందే తేలనీ,” అని ఆడపడుచు వంటింటి దారికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

తను చేసిన పనికి మొగుడు దొంగవుతాడు. పోనీ ఉన్నమాట చెప్పేస్తే? మొగుణ్ని కాపాడ్డానికి అల్లిన కథంటారు.

ఆయన వాచీని తిప్పాడు. కిటికీ వెలుగులోకి వంచి చాలాసేపు చూశాడు.

“అన్నీ ఉన్నాయి,” అన్నాడు. “రెండు ముద్రలూ, నంబరూ. నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. ఎవరు దాచారోగానీ, దీనిమీద చెయ్యి పడనివ్వలేదమ్మా.”

ఆడపడుచు మొహం చిన్నబోయింది. “ఏదో నలుగురూ అంటే విన్నానురా. మనసులో పెట్టుకోకు,” అంటూ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

అతను భార్యవైపు చూసి, చెప్పానా అన్నట్టు నవ్వాడు.

ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది. తను రుద్ది చెరిపేసిన ముద్రలు మళ్లీ వాటంతటవే మొలవవు కదా. గుమ్మం బయట బోనస్సు బండి, అచ్చం తను రుద్దిన వాచీ మూతలాగే, తళతళా మెరుస్తోంది.